మెదడుకు పట్టీ కడితే చదువు గుర్తుంటుందా?

శనివారం బడి వదిలాక ఏడో తరగతి పిల్లవాడి తండ్రి ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. పత్తి రైతు. పెన్‌గంగ వైపు నాలుగెకరాలు చేసుకుంటాడు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ చదవడం పెద్దగా రాదు, మరాఠీ అక్షరాలైతే కూడబలుక్కుని చదువుతాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన రంగుల కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

‘సార్, గిది జర సదివి చెప్పుండ్రి. మా పోరనికి సదివింది యాదికుంటలేదు. తలకాయకు పట్టి కట్టి మిషిన్ తోని నేర్పిస్తరట. పంపాల్నా వద్దా?’

కాగితం మీద నుదుటికి నల్లటి పట్టీ పెట్టుకున్న పిల్లవాడి బొమ్మ, వెనక నీలిరంగు అలలు. పెద్దక్షరాల్లో ‘న్యూరోఫీడ్‌బ్యాక్’ అనే మాట. ఇరవై సిట్టింగుల్లో జ్ఞాపకశక్తి రెట్టింపు అవుతుందని రాసుంది. అడిగిన ఫీజు ఎంతంటే, ఆ రైతు ఒక ఎకరం పత్తికి విత్తనం, ఎరువు, మందు, కూలీలు కలిపి పెట్టే ఖర్చంత. అదీ ఆయన అప్పు తెచ్చే పెట్టాలి.

మామూలుగానైతే ‘ఇవన్నీ నమ్మకన్నా’ అని పంపేసేవాణ్ణి. కానీ ఆయన ఇంకో మాట చెప్పాడు. ఆ సెంటర్‌వాళ్లు ఉచితంగా ఒక సిట్టింగు ఇచ్చారట. సిట్టింగుకు ముందు పిల్లవాడు వరుసగా 5 అంకెలు మాత్రమే విని తిరిగి చెప్పగలిగాడు. ‘ఈ వయసుకు ఇది తక్కువ’ అన్నారు. పట్టీ కట్టి అరగంట కూర్చోబెట్టాక మళ్లీ పరీక్షిస్తే 7 చెప్పాడు. ‘నా కండ్లతోని సూసిన సార్’ అన్నాడాయన. కళ్లారా చూసిన మనిషికి నేను వట్టి అనుమానం ఒక్కటే ఎలా ఇవ్వను? సోమవారం రమ్మని చెప్పి, ఆదివారమంతా దొరికింది చదివాను.

మన పేజీ చదివే తల్లిదండ్రుల్లో కూడా చాలామందికి ఇలాంటి కాగితం చేతికి వచ్చి ఉంటుంది. సోలాపూర్‌లో, భివండిలో, నాందేడ్‌లో మన పిల్లలు తెలుగు, మరాఠీ, హిందీ, ఇంగ్లిష్ నాలుగూ మోస్తున్నారు. 2020లో వచ్చిన చట్టంతో అన్ని మాధ్యమాల బడుల్లోనూ మరాఠీ తప్పనిసరి అయింది. బరువు ఎక్కువైనచోట ‘జ్ఞాపకశక్తి’ పేరుతో ఏది అమ్మినా కొనేవాళ్లుంటారు. అందుకే నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

అసలు ఈ పద్ధతి ఎక్కడిది?

ముందే చెప్పాలి, న్యూరోఫీడ్‌బ్యాక్ అనేది పూర్తిగా కల్పించిన మాట కాదు. జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు 1924లో మొదటిసారి మనిషి తల మీద నుంచి మెదడు విద్యుత్తును నమోదు చేశాడు. నమ్మరేమోనని ఐదేళ్లు ఆగి 1929లో ప్రచురించాడు. కళ్లు మూసుకుని ఊరికే కూర్చుంటే సెకనుకు 8 నుంచి 12 సార్లు ఊగే అల ఒకటి కనబడుతుంది, కళ్లు తెరిస్తే తగ్గిపోతుంది. దాన్నే ఆల్ఫా అన్నాడు. అంతకంటే నెమ్మదైన 4 నుంచి 8 వరకు ఉన్నది తీటా, 13 దాటినది బీటా. ఇప్పుడు ఫిట్స్ వచ్చిన పిల్లలకు ఆసుపత్రిలో తీసే ఈఈజీ అదే పరీక్ష. ఆ విద్యుత్తు ఎంత సన్నదంటే, దాన్ని వోల్టులో పది లక్షలో వంతుల లెక్కన కొలుస్తారు.

1958లో షికాగోలో జో కమియా అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక చిన్న ప్రశ్న వేసుకున్నాడు. మెదడులో ఆల్ఫా ఎప్పుడు వస్తోందో మనిషి కనిపెట్టగలడా? కళ్లు మూసుకుని కూర్చోబెట్టి, మధ్యమధ్యలో గంట కొట్టి, ఇప్పుడు ఆల్ఫా ఉందా లేదా అని అడిగేవాడు. జవాబు తప్పో ఒప్పో వెంటనే చెప్పేవాడు. కొన్ని రోజుల్లో కొందరు బాగా సరిగ్గా చెప్పసాగారు. ఆ తర్వాత ఆల్ఫాను కావాలని తెప్పించడం కూడా నేర్చుకున్నారు. సూత్రం ఇంతే. అద్దంలో చూసుకుంటూ దువ్వుకున్నట్టు, తెర మీద తన మెదడు అలను చూసుకుంటూ దాన్ని పెంచడమో తగ్గించడమో నేర్చుకోవాలి. అల అనుకున్నట్టు పెరిగితే తెర మీద గీత పైకి లేస్తుంది, లేదా బొమ్మ కారు ముందుకు కదులుతుంది. అది మెదడుకు దొరికే బహుమానం.

1960ల్లోనే లాస్ ఏంజెలిస్‌లో బ్యారీ స్టెర్మన్ పిల్లులకు నేర్పించాడు. కదలకుండా చురుగ్గా ఉన్నప్పుడు వచ్చే 12 నుంచి 15 వేగపు అలను అవి తెప్పించినప్పుడల్లా పాలు, మాంసం రసం లాంటిది ఇచ్చాడు. తర్వాత వేరే పనిమీద రాకెట్ ఇంధనపు విషం మూర్ఛలు తెప్పిస్తుందా అని పరీక్షిస్తున్నప్పుడు, ఆ శిక్షణ పొందిన పిల్లులు తక్కిన వాటికంటే బాగా తట్టుకున్నాయి. పిల్లికి కరపత్రం చదవడం రాదు కనుక, ‘బాగవుతాను’ అన్న ఆశతో బాగైందని అనలేం. ఈ రంగం మీద శాస్త్రవేత్తలకు గౌరవం కలిగింది అక్కడే. మన దగ్గర బెంగళూరు నిమ్హాన్స్‌లో కూడా తలకు దెబ్బ తగిలిన రోగులకు ఈ శిక్షణ ఇచ్చి పరిశోధనలు చేశారు. అది రోగుల సంగతి. మన ప్రశ్న వేరు: ఏ జబ్బూ లేని, ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడికి జ్ఞాపకం పెరుగుతుందా?

ఆరోగ్యవంతుల మీద ఏం తేలింది?

2003లో లండన్‌లో డేవిడ్ వెర్నన్, జాన్ గ్రుజెలియర్ బృందం ఆరోగ్యవంతుల మీద పరీక్షించింది. ఒక గుంపుకు స్టెర్మన్ పిల్లుల అలను పెంచడం నేర్పించారు. ఇంకో గుంపుకు తీటాను పెంచడం నేర్పించారు. మూడో గుంపుకు ఏమీ లేదు. 8 సిట్టింగులయ్యాక మొదటి గుంపు మాటలను గుర్తుపెట్టుకునే ఒక పరీక్షలో మెరుగైంది. తీటా గుంపువాళ్లు తీటాను పెంచడమే నేర్చుకోలేకపోయారు. 2008లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో 27 మంది ఆరోగ్యవంతులతో ఇలాంటిదే చేస్తే, 10 సిట్టింగుల తర్వాత జంట మాటలు గుర్తుపెట్టుకోవడం మెరుగైంది, నిద్ర కూడా త్వరగా పట్టింది. 2012లో మకావులో ఆల్ఫా శిక్షణ ఇస్తే విన్న అంకెలు తిరిగి చెప్పే పరీక్షలో లాభం కనబడింది.

ఇక్కడితో ఆపితే కరపత్రం నిజమే అనిపిస్తుంది. చాలా ప్రకటనలు సరిగ్గా ఇక్కడే ఆపుతాయి.

ఆ సాల్జ్‌బర్గ్ వాళ్లను నేను మెచ్చుకుంటాను. అక్కడి బృందమే, మాన్యుయెల్ షాబుస్ నాయకత్వంలో, 2017లో ఇంకా గట్టి పరీక్ష పెట్టుకుంది. ఈసారి నిద్రపట్టని రోగులను తీసుకున్నారు. వాళ్లకు నిజమైన శిక్షణ కొన్నాళ్లు, ఉత్తుత్తి శిక్షణ కొన్నాళ్లు ఇచ్చారు. పట్టీ అదే, తెర అదే, కుర్చీ అదే. కానీ ఉత్తుత్తి శిక్షణలో తెర మీది బహుమానానికి, పెంచాల్సిన ఆ అలకు సంబంధం ఉండదు. ఏది ఎప్పుడు జరుగుతోందో రోగికీ తెలియదు, పక్కనున్నవాళ్లకూ తెలియదు. ఫలితం? రెండింటితోనూ ‘నాకు బాగుంది’ అన్నారు, సమానంగా. నిజమైన శిక్షణకు అదనంగా ఏమీ రాలేదు. తమ పాత పనినే ప్రశ్నించుకుని, వచ్చింది వచ్చినట్టు ప్రచురించారు.

పిల్లల సంగతి ఇంకా స్పష్టం. ఒకచోట కుదురుగా ఉండలేని, ధ్యాస నిలవని 7 నుంచి 10 ఏళ్ల పిల్లలు 140 మందికి పైగా తీసుకుని అమెరికాలో ఇలాగే నిజమైనదీ ఉత్తుత్తిదీ పెట్టి 38 సిట్టింగులు ఇచ్చారు. 2021లో ఫలితాలు వచ్చాయి. రెండు గుంపుల పిల్లలూ బాగా మెరుగయ్యారు. రెండు గుంపుల మధ్య తేడా లేదు. అంటే పిల్లవాడు వారానికి మూడుసార్లు ఒక పెద్ద మనిషి పక్కన కూర్చుని, ఒక పనిమీద దృష్టి పెట్టి, చేసిన ప్రతిసారీ మెచ్చుకోలు పొందాడు. బాగుపడ్డాడు. దానికి అలలతో పని లేకపోయింది.

ఈ మాట నేను రెండుసార్లు చదివాను. ఒక పెద్ద మనిషి పక్కన కూర్చోవడం అనే దానికి మన బడుల్లో, మన ఇళ్లలో ఎంత కొరత ఉందో మనకు తెలుసు కదా.

న్యాయంగా చెప్పాలంటే, ఈ విషయం పూర్తిగా తేలిపోలేదు. ఆల్ఫా మీద, తీటా మీద పని చేస్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. పరిశోధన ఎలా చేయాలో, ఏమేం బయటపెట్టాలో చెప్పే ఒక పట్టికను 2020లో ఈ రంగంలోని వాళ్లే రాసుకున్నారు. రేపు ఏదైనా నిలబడవచ్చు. కానీ మంచి ఫలితాలొచ్చిన పరీక్షలు కూడా కొద్దిమంది పెద్దవాళ్ల మీద, ప్రయోగశాలలో, చిన్న చిన్న పరీక్షల్లో వచ్చినవి. పట్టీ కట్టుకున్నందుకు చరిత్ర పరీక్షలో మార్కులు పెరిగాయని చూపిన గట్టి రుజువు నాకెక్కడా కనబడలేదు. ‘రెట్టింపు’ అన్న మాటకైతే అసలే లేదు.

పళ్లు కొరికితే పెరిగిన ఏకాగ్రత

ఇంకో సంగతి. ప్రయోగశాలలో తలమీద జిగురు రాసి, చాలాచోట్ల ఎలక్ట్రోడ్లు అంటించి కొలుస్తారు. అమ్మే పట్టీల్లో కొన్నింటికి నుదుటి మీద ఒకటో రెండో బిళ్లలుంటాయి. నుదుటి కండరం, దవడ కండరం, కనురెప్ప, వీటి విద్యుత్తు మెదడు అల కంటే చాలా పెద్దది. మిషన్ దాన్ని వడకట్టకపోతే మెదడు అలే అనుకుంటుంది.

పోయిన సంక్రాంతికి హైదరాబాద్‌లో మా బంధువుల ఇంట్లో అలాంటి పట్టీ ఒకటి ఉంటే నేనూ పెట్టుకున్నాను. ఫోన్‌లో ‘ఏకాగ్రత’ అని ఒక ముల్లు. నిష్ఠగా పదమూడో ఎక్కం నుంచి పంతొమ్మిదో ఎక్కం దాకా మనసులో చదివాను. ముల్లు సగంలోనే ఉంది. మా మేనల్లుడు ‘మామయ్యా, పళ్లు గట్టిగా కొరుకు’ అన్నాడు. కొరికాను. ముల్లు పైకి లేచింది. ఇంట్లో వాళ్లందరూ నవ్వారు. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నవాడి ఏకాగ్రత దవడలో ఉందని అప్పుడే తెలిసింది.

నవ్వుకోవడానికి బాగుంది కానీ, ఇదే పట్టీ తరగతి గదిలోకి వస్తే? చైనాలో జిన్‌హువా అనే నగరం దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు ఇలాంటి పట్టీలు కట్టి పాఠం చెప్పారు. నుదుటి మీద దీపం వెలిగేది. ధ్యాస ఉంటే ఎరుపు, లేకపోతే నీలం. ఆ లెక్కలు టీచర్‌కూ తల్లిదండ్రులకూ వెళ్లేవి. 2019లో ఆ వీడియో బయటకు వచ్చి గొడవ కావడంతో అక్కడి అధికారులు వాడకం ఆపించారు. నేను ఆ వీడియో గురించి చదువుతూ నా తరగతి ఊహించుకున్నాను. నలభై నుదుళ్ల మీద ఎర్రదీపాల కోసం పళ్లు కొరుకుతున్న నలభైమంది పిల్లలు.

మన ప్రాంతాల్లో కొన్నేళ్ల కిందట కళ్లకు గంతలు కట్టి పుస్తకం చదివిస్తామని ‘మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్’ కోర్సులు వచ్చాయి, గుర్తుందా? మంగళూరుకు చెందిన హేతువాది నరేంద్ర నాయక్ లాంటివాళ్లు ఊరూరా తిరిగి, పిల్లలు ముక్కు పక్క సందులోంచి చూస్తున్నారని చూపించారు. అక్కడ పిల్లలకే మోసం నేర్పించినట్టయింది. న్యూరోఫీడ్‌బ్యాక్‌ను దానితో ఒకే గాట కట్టను. దీని వెనక నిజమైన శాస్త్రం ఉంది. కానీ కరపత్రం అచ్చువేసేవాళ్లకు రెండింటికీ తేడా అక్కర్లేదు. అమెరికాలో 2016లో ఒక పేరున్న మెదడు ఆటల కంపెనీ, లూమోసిటీ, రుజువు లేని ప్రచారం చేసిందన్న ఆరోపణ మీద 20 లక్షల డాలర్లు కట్టి బయటపడింది. అక్కడ అడిగే సంస్థ ఉంది కాబట్టి కట్టింది.

మరి 5 అంకెలు 7 ఎలా అయ్యాయి?

సోమవారం తండ్రి కంటే ముందు పిల్లవాణ్ణే పిలిచాను. ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమన్నాను. వాడు చెప్పింది ఇది. తెలుగు మీడియం పిల్లవాడని తెలిసి, అక్కడ పనిచేసే తెలుగమ్మాయి ఒకామె మొదటి పరీక్ష తెలుగులో పెట్టింది. నాలుగు, తొమ్మిది, ఎనిమిది, ఒకటి... ఇలా. పట్టీ తీసేసరికి ఆమె వేరే పనిలో ఉంది. ఇంకో అబ్బాయి వచ్చి మరాఠీలో అడిగాడు. చార్, నఊ, ఆఠ్, ఏక్...

నేను బోర్డు మీద రెండు వరుసలు రాశాను. ఒకటి నుంచి తొమ్మిది దాకా తెలుగులో పలకడానికి ఎన్ని అక్షరాలు? ఒకటి మూడు, రెండు రెండు, ఎనిమిది ఏకంగా నాలుగు. మొత్తం 23. మరాఠీలో ఏక్, దోన్, తీన్, చార్, పాచ్, సహా, సాత్, ఆఠ్, నఊ. పలుకులు లెక్కపెడితే 11. సగానికి తక్కువ!

విన్న అంకెలను మనం లోపల మళ్లీ మళ్లీ పలుక్కుంటూ పట్టి ఉంచుతాం. అలెన్ బాడ్లీ, గ్రాహం హిచ్ అనే ఇద్దరు 1974లో ప్రతిపాదించిన నమూనా నుంచి ఈ ఆలోచన పెరిగింది. సుమారు రెండు సెకన్లలో పలకగలిగినంతే ఆ లోపలి గొంతు నిలుపుకోగలదు. మాట పొడవైతే తక్కువ అంకెలు పడతాయి, పొట్టిదైతే ఎక్కువ పడతాయి.

దీన్ని బాగా చూపించింది బ్రిటన్‌లోని వేల్స్. అక్కడ కొందరికి వెల్ష్ ఇంటి భాష. వెల్ష్‌లో పరీక్షిస్తే పిల్లలకు అంకెల జ్ఞాపకం తక్కువగా వస్తోందని ఒక అనుమానం ఉండేది. 1980లో ఎల్లిస్, హెనెల్లీ అనే ఇద్దరు, రెండు భాషలూ వచ్చినవాళ్లను రెండింటిలోనూ పరీక్షించారు. తమకు వెల్ష్ బాగా వచ్చని చెప్పుకున్నవాళ్లు కూడా ఇంగ్లిష్‌లోనే ఎక్కువ అంకెలు చెప్పారు. వెల్ష్ అంకెలు పలకడానికి ఎక్కువ సమయం పడుతుంది, అంతే కారణం. లోపల పలుక్కోకుండా అడ్డుపెడితే ఆ తేడా మాయమైంది. తెలివితేటల పరీక్షలను ఒక భాషలోంచి ఇంకో భాషలోకి తీసుకుపోయి, పిల్లలను పోల్చి, ‘వీళ్లు వెనకబడ్డారు’ అనకూడదని వాళ్లు రాశారు.

భాషా మైనారిటీ బడిలో పనిచేసే ప్రతి టీచర్ ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. ‘ఈ వయసుకు తక్కువ’ అన్నారే, ఏ భాషలో కొలిచిన పిల్లలతో పోల్చి తక్కువ అన్నారు?

ఆ మధ్యాహ్నం తరగతిలో ఇంకొందరు పిల్లలకు రెండు భాషల్లోనూ అంకెలు చదివి చూశాను. ఇది పరిశోధన కాదు, నా కుతూహలం. మరాఠీ బాగా పలికే పిల్లలు చాలామంది మరాఠీలో ఒకటో రెండో అంకెలు ఎక్కువే చెప్పారు. వాళ్లెవరి నుదుటికీ పట్టీ లేదు. సెంటర్‌వాళ్లు కావాలని మోసం చేశారని నేననను. వాళ్లకు కూడా తెలిసి ఉండకపోవచ్చు. పైగా రెండోసారి రాసే పరీక్షలో, భయం పోయినందుకే, కొంచెం ఎక్కువ రావడం మామూలే.

వాడు నిజంగా ఎక్కడ తడబడుతున్నాడు?

అంకెల గొడవ తేలాక నాకు ఇంకోటి తట్టింది. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. ఈ పిల్లవాణ్ణి ‘మతిమరుపు’ అని మొదట అన్నది బడిలో మేమే. ప్రోగ్రెస్ కార్డు మీద నేనే రాశాను. వాడి నోట్‌బుక్ తీసి చూస్తే మరాఠీ పీరియడ్‌లో రాసిన అంకెల్లో 25 ఉండాల్సినచోట 52, 36 ఉండాల్సినచోట 63. తెలుగులో ఇరవై ఐదు అంటాం, ముందు ఇరవై, తర్వాత ఐదు. రాసే వరుస కూడా అదే. మరాఠీలో పంచవీస్ అంటారు, ఐదు ముందు వస్తుంది, ఇరవై తర్వాత. చెవికి ఏది ముందు వినబడితే అది ముందు రాస్తున్నాడు. ఇక ఏకోణసాఠ్ అంటే అరవైకి ఒకటి తక్కువ, 59. దానిలో ఐదూ లేదు, తొమ్మిదీ లేదు. పాపం వాడేం చేస్తాడు?

ఇది మన పిల్లల కష్టం ఒక్కటే కాదు. 2019లో బాలభారతి రెండో తరగతి గణితంలో పంచవీస్‌తో పాటు ‘వీస్ పాచ్’ అని చెప్పే పద్ధతి తెచ్చినప్పుడు మహారాష్ట్ర అంతటా పెద్ద గొడవైంది, శాసనసభ దాకా వెళ్లింది. గణిత సమితికి అధ్యక్షురాలైన మంగళా నార్లీకర్ ఆ మార్పును సమర్థించారు. జంటాక్షరాలతో, తలకిందుల వరుసతో మరాఠీ పిల్లలే అంకెలంటే భయపడుతున్నారన్నది ఆమె వాదన. దక్షిణాది భాషల్లో పదులు ముందు వస్తాయన్న మాట కూడా అప్పుడు వినబడింది. మరాఠీ ఇంట్లో పుట్టిన పిల్లలకే అంత కష్టమైతే, ఇంట్లో ‘ఇరవై ఐదు’ అనే పిల్లవాడు బడిలో ‘పంచవీస్’ వినగానే తడబడితే దానికి మతిమరుపు అని పేరు పెట్టడం మా తప్పు.

మన ఊరికి ఈ రెండు వరుసల గొడవ కొత్త కాదు కూడా. 1956 వరకు కిన్వట్ ఆదిలాబాద్ జిల్లాలోదే. గీత మారింది కానీ ఇళ్లలో లెక్క మారలేదు.

ఫీజు లేని శిక్షణ

పంపొద్దని ఊరికే అంటే సరిపోదు. ‘మరేం చెయ్యాలె సార్?’ అని ఆయన అడుగుతాడని తెలుసు. అడిగాడు.

గుర్తుండటం మీద చాలా గట్టిగా నిలిచిన ఫలితం ఒకటుంది, దానికి మిషన్ అక్కర్లేదు. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రోడిగర్, కార్పికీ అనేవాళ్లు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు నాలుగు విడతలు చదివారు. కొందరు ఒక విడత చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది మూడుసార్లు రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లే గెలిచారు, 83 శాతం, 71 శాతం. వారం తర్వాత అడిగితే తిరగబడింది. నాలుగుసార్లు చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంది. మూసి రాసినవాళ్లకు 61 శాతం.

ఇన్నేళ్లూ నేను ‘పదిసార్లు చదవండి’ అని చెప్పినవాణ్ణి. పదిసార్లు చదివితే ఆ సాయంత్రం వచ్చినట్టే ఉంటుంది, పరీక్ష రోజుకి పోతుంది. పిల్లవాడు ‘నిన్న వచ్చింది సార్’ అని ఏడిస్తే అబద్ధమనుకునేవాణ్ణి. అబద్ధం కాదు. నిన్న నిజంగానే వచ్చింది.

పుస్తకం మూసి రాయడం మొదట్లో పిల్లలకు నచ్చదు. తప్పులు కనబడతాయి కాబట్టి. చదువుతుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది, మూస్తే తెలియనిది బయటపడుతుంది. ఇంట్లో చదువురాని తల్లి కూడా చేయించగలిగిన పని ఇది. పుస్తకం తాను పట్టుకుని ‘ఇయాల బడిల ఏం చెప్పిండ్రో చెప్పు’ అని అడిగితే చాలు. ఆమెకు జవాబు తెలియాల్సిన పనిలేదు. ఆగిపోయినచోట పుస్తకం వాడికే ఇచ్చి చూసుకోమనాలి. ఇవాళ అడిగింది మళ్లీ మూడు రోజులకు, వారానికి అడగాలి.

మన తెలుగులో ఇదేమీ వింత కాదు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు అడుగుతుంటే, మధ్యలో ఒకరు గంట కొడుతుంటే, ఇంకొకరు అప్రస్తుత ప్రసంగంతో ధ్యాస చెదరగొడుతుంటే, పద్యాలన్నీ చెప్పి చివర వరుసగా అప్పజెప్పడాన్ని ధారణ అంటాం. తిరుపతి వేంకట కవులు శతావధానాలు చేసింది ఏ పట్టీతో? ఛందస్సు తెలిసినవాడికి పద్యం ఒక అచ్చు లాంటిది, మాట జారితే యతి దగ్గరో ప్రాస దగ్గరో పట్టుకోవచ్చు. పైగా ఏళ్ల తరబడి, చూడకుండా అప్పజెప్పే అలవాటు ఉంటుంది. 2016లో వేదపండితుల మెదడును స్కాన్ తీసిన ఒక అధ్యయనం, భాషకూ జ్ఞాపకానికీ సంబంధించిన భాగాల్లో తేడాలు చూపింది. వాళ్లు చిన్ననాటి నుంచి రోజూ గంటలకొద్దీ వల్లించినవాళ్లు. పిల్లల్ని అవధానులు చేయమని కాదు, వేమన పద్యం అప్పజెప్పించడం మానేసి పట్టీకి అప్పు చేయడం ఎందుకనే నా బాధ.

నిద్ర సంగతీ చెప్పాలి. పగలు నేర్చుకున్నది రాత్రి నిద్రలో స్థిరపడుతుంది. పత్తి తీసే రోజుల్లో మా పిల్లలు పొద్దున్నే చేనుకు పోయి, మధ్యాహ్నం తరగతిలో కునుకుతారు. రాత్రి పదకొండింటి దాకా ఫోన్. ఈ రెండూ ఉన్న పిల్లవాడికి ఏ తరంగం సాయం చేస్తుంది? ఇదే విషయం తండ్రితో అంటే తల వంచుకున్నాడు. చేనుకు తీసుకుపోయేది ఆయనే. నేను పొడిగించలేదు. కూలీ దొరకని రోజు ఆయన ఇబ్బంది నాకు తెలుసు.

అయినా సెంటర్‌కు పంపాలనుకునే తల్లిదండ్రులు డబ్బు కట్టేముందు కొన్ని అడగండి. పరీక్ష ముందూ తర్వాతా ఒకే భాషలో పెడతారా? పట్టీ కట్టని పిల్లలకు కూడా రెండోసారి పరీక్ష పెట్టి పోల్చారా? కూర్చోబెట్టే మనిషి చదువేంటి, క్లినికల్ సైకాలజిస్టా, వారం ట్రైనింగ్ తీసుకున్నవాడా? లాభం లేకపోతే డబ్బు తిరిగిస్తామని కాగితం మీద రాసిస్తారా? ఇక పిల్లవాడు ఉన్నట్టుండి శూన్యంలోకి చూస్తూ కొన్ని క్షణాలు పలకకపోయినా, ఇంతకుముందు బాగా వచ్చినది హఠాత్తుగా పోయినా, బోర్డు మీద అక్షరాలు కనబడట్లేదన్నా, అప్పుడు సెంటర్ కాదు, డాక్టర్. ముందు కళ్లూ చెవులూ చూపించండి.

ఆ రైతు ఫీజు కట్టలేదు. నేను చెప్పిందంతా నమ్మి కాదనుకుంటాను, అప్పు దొరక్క కూడా కావచ్చు. ఈసారి పత్తి అమ్మాక చూద్దామన్నాడు. పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డులో ‘మతిమరుపు’ మాట కొట్టేసి సంతకం పెట్టాను. రోజూ పది నిమిషాలు, ప్రార్థన కంటే ముందు, వాడు నా పక్కన కూర్చుని మరాఠీలో విన్న సంఖ్యను తెలుగులో చెప్పి, తర్వాత రాస్తున్నాడు. పంచవీస్, ఛత్తీస్ ఇప్పుడు సరిగ్గానే వస్తున్నాయి. ఏకోణసాఠ్ దగ్గర ఇంకా ఆగి వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు.